పున్నమి నాడు డ్యూటీలో ఉన్నవాళ్ళు

(ఖరగ్‌పూర్‌లో బుద్ధ పూర్ణిమ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వైశాఖ పున్నమిని బుద్ధుడి పుట్టుక, జ్ఞానోదయం, మహాపరినిర్వాణం మూడింటి పేరా జరుపుకుంటాం. ఇది విద్యార్థులకు నేను చెప్పనక్కర్లేదు. కానీ ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకు ఈ పండుగ ఎక్కడిదని కొందరు అడుగుతుంటారు. అరువు తెచ్చుకున్నామని వాళ్ళ అనుమానం.

మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి వచ్చాడు. ఆయన వదిలొచ్చిన జిల్లాలో, వంశధార ఒడ్డున, శాలిహుండం స్తూపాలున్నాయి. మనం సొంతూరికి పోయేటప్పుడు రైలు దాటే దాంతన్ దగ్గర, మొగల్‌మారిలో, ఒక పెద్ద బౌద్ధ విహారం ఉంది. 2003-04లో కలకత్తా విశ్వవిద్యాలయం తవ్వకాలు మొదలుపెట్టేదాకా అది మట్టిదిబ్బ. ఇక్కడి నుంచి పడమరకు పోయే లైను నాగపూర్ చేరుతుంది. 1956 అక్టోబర్ 14న బాబాసాహెబ్ లక్షల మందితో దీక్ష తీసుకున్న ఊరు అది. ఇందులో అరువేముంది?

నన్ను తొలిచేది వేరే సంగతి. బుద్ధ పూర్ణిమ కేంద్ర ప్రభుత్వ సెలవు. ఆఫీసు ఉద్యోగికి జీతం వస్తుంది. చీపురు పట్టిన కాంట్రాక్టు కార్మికుడికి సెలవంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మన కుటుంబాల్లో, ముఖ్యంగా రెల్లి ఇళ్ళల్లో, ఇంకా ఆ పనిలో ఉన్నవాళ్ళున్నారు. మనమేమో పొద్దున పదింటికి సభ పెడతాం, పటానికి దండ వేస్తాం, పాయసం తాగి పోతాం. వాళ్ళెలా వస్తారు? పైగా వాళ్ళకు చైతన్యం లేదని మనమే అంటాం.

థేరగాథల్లో సునీతుడున్నాడు. వాడిన పూలు ఊడ్చి ఎత్తిపోసేవాడు, జనం ఛీకొట్టిన మనిషి. మగధ రాజధానిలో బుద్ధుడు భిక్షువులతో వస్తుంటే చూసి, కావడి దించి, దగ్గరకు వెళ్ళి సంఘంలో చేర్చుకోమన్నాడు. బుద్ధుడు రమ్మన్నాడు. ఆ పిలుపే దీక్ష. ఈ కథను దయకు ఉదాహరణగా చెబుతారు, నాకది నచ్చదు. అసలు విషయం, దించిన కావడిని సునీతుడు మళ్ళీ ఎత్తలేదు. పారిశుధ్య కార్మికుల కాళ్ళు కడిగి ఫోటో దిగి, మర్నాడు అదే పనికి పంపే గౌరవం కాదది. 2013 చట్టం పాకీ పనిని నిషేధించింది. చీపురు మాత్రం ఏ కులం చేతిలో ఉండేదో ఆ చేతిలోనే ఉంది.

22 ప్రతిజ్ఞల్లో మనుషులంతా సమానమన్న మాట ఉంది. గట్టిగానే చదువుతాం. మాల ఇంట్లో మాదిగ సంబంధం, మాదిగ ఇంట్లో రెల్లి సంబంధం అనేసరికి గొంతు తగ్గుతుంది. వేరేవాళ్ళ కులతత్వం మీద వ్యాసాలు రాసే మనకు ఈ ప్రశ్న ఇబ్బందే.

కమిటీకి నా మనవి రెండే. వచ్చే ఏడాది సభను రాత్రికి మార్చండి, డ్యూటీ దిగినవాళ్ళు స్నానం చేసి వచ్చే వేళకు. పున్నమి కదా, చంద్రుడు కూడా అప్పటికే వస్తాడు. రెండోది, ఈ పూట హాలు ఊడ్చేది, గిన్నెలు తోమేది మనమే. చీపుళ్ళు గుమ్మం పక్కన పెట్టించాను.