8 సెకన్ల వాయిస్ నోట్‌ని ఎంపీ3గా మార్చబోయి నేను చేసిన తప్పులు

ఈరోజు టాపిక్ చిన్నదే, కానీ దీని వల్ల నేను రెండు రోజులు నిద్ర పోలేదు.

నేను హాస్టల్‌లో ఉన్నప్పుడు మా నాయనమ్మ, నాన్న ఫోన్ నుంచి ఒక వాయిస్ నోట్ పంపింది. "ఒరేయ్ చిన్నోడా, అన్నం తిన్నావురా?" అంతే, 8 సెకన్లు. ఇప్పుడు నాయనమ్మ లేదు. ఆ గొంతుని రింగ్‌టోన్‌గా పెట్టుకుందామని కూర్చున్నా. అక్కడ మొదలైంది కథ.

మొదటి తప్పు. ఫైల్ పేరు చివర "డాట్ ఓపస్" అని ఉంది. దాన్ని తీసేసి "డాట్ ఎంపీ3" అని రాశా. నా ఫోన్‌లో ప్లే అయింది. అక్కకి పంపితే తన ఫోన్‌లో ఓపెన్ అవ్వలేదు. ఎందుకంటే పేరు మారిస్తే ఫార్మాట్ మారదు. మన ఇళ్లలో హార్లిక్స్ సీసాలో ఆవాలు పోస్తారు కదా? సీసా మీద ఏం రాసి ఉన్నా లోపల ఉన్నవి ఆవాలే. కొన్ని ప్లేయర్లు మూత తీసి లోపల చూస్తాయి, కొన్ని లేబుల్ చూసే ఆగిపోతాయి. అందుకే ఒక ఫోన్‌లో పాడుతుంది, ఇంకో ఫోన్‌లో మొరాయిస్తుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది. ఐఫోన్ రింగ్‌టోన్‌కి వాడే ఎం4ఆర్, మామూలు ఎం4ఏ, ఈ రెండింటి లోపలా ఉండే సరుకు ఒకటే. అక్కడ మాత్రం పేరు మారిస్తే పని జరుగుతుంది. క్లిప్ 30 సెకన్ల లోపు ఉంచుకోండి.

రెండో తప్పు. ఒక కన్వర్టర్ సైట్‌లో ఎంపీ3 చేశా. ఒక యాప్‌లో కట్ చేశా, అది ఎం4ఏగా సేవ్ చేసింది. మళ్లీ ఎంపీ3 చేశా. చివరికి వింటే నాయనమ్మ గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంది! ఓపస్, ఎంపీ3, ఎం4ఏలో ఉండే ఏఏసీ, ఇవన్నీ సైజు తగ్గించడానికి సౌండ్‌లో కొంత భాగాన్ని పారేస్తాయి. మార్చిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది. సరే, క్వాలిటీ 320 కేబీపీఎస్ పెడదాం అనుకున్నా. ఫైల్ సైజు పెరిగింది, గొంతు మాత్రం అలాగే ఉంది. పిప్పి అయిపోయిన చెరకుని ఎంత పెద్ద గానుగలో పెట్టినా రసం రాదు కదా.

మరి కరెక్ట్ పద్ధతి ఏంటి? ముందు ఒరిజినల్‌ని వేవ్ ఫైల్‌గా మార్చండి. అందులో మళ్లీ ఏమీ పోదు. సైజు పెద్దదే, స్టీరియోలో నిమిషానికి సుమారు 10 ఎంబీ. కానీ మనది 8 సెకన్లే, ఒకటిన్నర ఎంబీ కూడా దాటదు. కటింగ్, సౌండ్ పెంచడం అంతా వేవ్‌లోనే చేసి, చివర్లో ఒక్కసారే ఎంపీ3 చేయండి. కంప్యూటర్ ఉంటే ఆడాసిటీ ఫ్రీగా దొరుకుతుంది. అది ఓపస్ ఫైల్ తీసుకోకపోతే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కూడా వేసుకోండి.

మూడోది తప్పు కాదు, భ్రమ. కన్వర్ట్ చేశాక వింటే "ఒరేయ్" అన్న మాట లేదు! ఫైల్ కట్ అయిందనుకుని పదిసార్లు మళ్లీ చేశా. తీరా చూస్తే దోషం నా బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌ది. అవి మేల్కొనేలోపు మొదటి ముక్క వెళ్లిపోతోంది. పెద్ద పాటలో ఇది పట్టించుకోం, 8 సెకన్ల క్లిప్‌లో మాత్రం ప్రాణం పోయినట్టు ఉంటుంది. ముందు ఫోన్ స్పీకర్‌లో విని చూడండి. కావాలంటే క్లిప్ ముందు ఒక సెకను నిశ్శబ్దం కలపండి.

ఇంకో రెండు విషయాలు త్వరగా. డౌన్‌లోడ్ అయిన ఫైల్ 0 కేబీ ఉంటే కన్వర్షన్ ఫెయిల్ అయినట్టే, మళ్లీ చేయండి. ఎంపీ3 అడిగితే ఏపీకే ఫైల్ వస్తే అస్సలు ఇన్‌స్టాల్ చేయొద్దు, వెంటనే డిలీట్ చేయండి. అలాగే చాలా ఆన్‌లైన్ సైట్లలో పెడితే మీ ఆడియో వాళ్ల సర్వర్‌కి వెళ్తుంది. ఇంటి మాటలైతే ఆఫ్‌లైన్‌లోనే మార్చుకోవడం మంచిది.

ఇక నా అతి పెద్ద తప్పు. ఎంపీ3 వచ్చేసింది కదా అని, స్టోరేజ్ ఫుల్ అయిందని ఒరిజినల్ డిలీట్ చేసేశా. పాడైన కాపీ ఒక్కటే మిగిలింది. నిద్ర పోనిది అందుకే. మూడో రోజు గుర్తొచ్చింది, అది పంపింది నాన్న ఫోన్ నుంచి కదా! ఫోన్ చేసి, "నాన్నా, నాయనమ్మ చాట్ డిలీట్ చేశావా?" అని అడిగా. "అదెలా డిలీట్ చేస్తానురా, రోజూ వింటాను" అన్నాడు.

కాబట్టి ఫ్రెండ్స్, ఎంపీ3 ఎప్పుడైనా చేసుకోవచ్చు, ఎంపీ3 నుంచి ఒరిజినల్‌ని మాత్రం వెనక్కి తెచ్చుకోలేం. మార్చే ముందే ఒక కాపీ డ్రైవ్‌లో, ఒక కాపీ ఇంట్లో వాళ్ల ఫోన్‌లో పెట్టండి. ఈ వీడియో ఆపి ఇప్పుడే ఆ పని చేయండి. మీ దగ్గర ఎవరి గొంతు దాచుకున్నారో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.