కోగా వీడియో, మా అమ్మాయి, నా మణికట్టు

(ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా ద్వారకలో జరిగిన సిబ్బంది కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు జూడో గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు ఒకసారి నా కుడిచేతి వైపు చూసి, "సరే, కానీయండి" అన్నారు. ఆ చూపు ఎందుకో మీలో సగం మందికి తెలుసు. నిరుడు చలికాలంలో ఆరు వారాలు చేతికి కట్టుతో బ్యాంకుకొచ్చాను. సంతకం పెట్టలేను. ఎడమచేత్తో ప్రయత్నిస్తే నా సంతకం నా స్పెసిమెన్‌తోనే కలవలేదు. ఏమైందని అడిగినవాళ్లందరికీ మెట్ల మీద జారానని చెప్పాను. అది అబద్ధం. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి నన్ను విసిరింది.

అదిగో, మూడో వరసలో కూర్చుని తల దించుకుంది.

మేము గుంటూరు నుంచి బదిలీ మీద ఇక్కడికొచ్చిన ఏడాదే, 2022లో, బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఢిల్లీ అమ్మాయి తులికా మాన్ జూడోలో రజతం గెలిచింది. అది టీవీలో చూసి మావాళ్లమ్మాయి పట్టుబట్టింది. మా సొసైటీ దగ్గర ఒక హాల్లో వారానికి రెండు రోజులు నేర్పుతారు. చేర్పించాను. ఆ రెండు రోజులు చాలక మిగతా రాత్రులు ఫోన్లో వీడియోలు. ఛాంపియన్లే స్వయంగా నేర్పేవి. పక్కన కూర్చుని చూసీ చూసీ నాకూ పిచ్చి పట్టింది.

మా ఇద్దరికీ నచ్చినవాడు జపాన్‌కు చెందిన తొషిహికో కోగా. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో 71 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచాడు. అదీ పోటీకి కొద్ది రోజుల ముందు సాధనలో మోకాలు దెబ్బతిన్నాక. ఆయన పట్టు ఇప్పోన్ సెయోనగె. అవతలివాడి చెయ్యి మోచేతి మడతలో ఇరికించుకుని, వీపు తిప్పి, భుజం మీదుగా ముందుకు వేయడం. ఇక్కడ నజఫ్‌గఢ్ వైపు కుస్తీ అఖాడాల్లో ఇలాంటిదాన్నే ధోబీపాట్ అంటారు. రేవులో బండ మీద బట్ట బాదడం గుర్తు తెచ్చుకోండి, అర్థమైపోతుంది.

అర్థమైపోయిందనే మేమూ అనుకున్నాం. ఒక ఆదివారం టీపాయ్ పక్కకు జరిపి, రెండు బొంతలు పరిచాం. పిల్ల తిరిగింది, లాగింది. సగం దూరం బాగానే వెళ్లాను. నేల దగ్గరకొచ్చేసరికి భయమేసి చెయ్యి ఆనించాను. టక్కుమంది.

తర్వాత తెలిసింది, జూడోలో మొదట నేర్పేది విసరడం కాదని. ఉకెమి, అంటే పడటం. గడ్డం ఛాతీకి ఆనించాలి, తల నేలకు తగలకూడదు, అరచేత్తో, ముంజేత్తో చాపను బలంగా చరచాలి, చెయ్యి ఎప్పుడూ ఊతగా పెట్టకూడదు. మా అమ్మాయికి ఇది తెలుసు. నాకే తెలీదు. తప్పు విసిరినదానిది కాదు, నాది.

కట్టుతో ఇంట్లో కూర్చున్నప్పుడు ఆ వీడియోలే మళ్లీ చూశాను, ఈసారి కోగాను వదిలేసి, పడేవాణ్ణి. అతనెంత సహకరిస్తున్నాడో అప్పుడు కనిపించింది. నిటారుగా నిలబడతాడు, లాగగానే మునివేళ్ల మీదికి లేస్తాడు, అందంగా పడతాడు. సగం పని అతనిదే. మా ఇంట్లో ఆ సగం పని చేసేవాడు లేడు.

జూడోవాళ్లు విసరడాన్ని మూడు భాగాలుగా చెబుతారు. కుజుషి, అవతలివాడి నిలకడ తప్పించడం. త్సుకురి, మన ఒంటిని సరైన చోటికి తేవడం. కాకె, విసరడం. వీడియోలో మన కన్ను పట్టేది మూడోదాన్ని. మొదటిది చేతులకు తెలియాలి. కొత్తగా క్యాష్‌లో కూర్చున్నవాడికి దొంగనోటు గుర్తులన్నీ పోస్టర్లో చూపించొచ్చు. వేలికి తెలిసేసరికి ఎన్ని కట్టలు లెక్కపెట్టాలో మీకు చెప్పక్కర్లేదు.

ఇంకో తమాషా. పాఠం చెప్పేటప్పుడు ఛాంపియన్లు స్లీవు పట్టిన చేతిని పైకెత్తి, వాచీ చూసుకుంటున్నట్టు లాగమంటారు. అదే మనిషి పోటీ దృశ్యం పెట్టి చూడండి, చాలాసార్లు చెయ్యి అలా ఉండదు. 2000 సిడ్నీలో 100 కిలోల విభాగం ఫైనల్లో కోసెయ్ ఇనోవే ఉచిమాతతో గెలిచిన దృశ్యం నేను ఎన్నిసార్లు ఆపి ఆపి చూశానో లెక్కలేదు. వాళ్లు మోసం చేస్తున్నారని కాదు. ఒంటికి పట్టేసినదాన్ని నోటితో చెప్పడం వాళ్లకూ కష్టమే. అందుకే ఇప్పుడు పాఠం, పోటీ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తాను, శబ్దం తీసేసి. పాత వీడియోలతో ఇంకో జాగ్రత్త. చేత్తో కాళ్లు పట్టుకుని పడేసే పట్లు అందులో బోలెడు. 2010లో మొదలుపెట్టి 2013కల్లా అంతర్జాతీయ పోటీల్లో వాటిని నిషేధించారు. అప్పట్లో చేస్తే నేరుగా ఓటమే, ఇప్పుడు చేస్తే పెనాల్టీ.

ఇదంతా ఇంట్లో తీరిగ్గా తెలుసుకుంటుంటే, పిల్ల హాలుకు వెళ్లడం మానేసింది. కారణం అడిగితే చెప్పదు. నెల తర్వాత వాళ్లమ్మతో అంది: "నాన్న అందరికీ మెట్ల మీద పడ్డానని చెబుతున్నాడు. అంటే నేను చేసింది చెప్పుకోలేని పనే కదా?"

దాన్ని కాపాడుతున్నానని నేననుకున్నాను. బ్యాంకులో నవ్వుతారని దాచుకున్నాను, నిజం చెప్పాలంటే.

చేతికట్టు విప్పాక దాని కోచ్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన హర్యాణా మనిషి, నవ్వి, "మీరూ రండి" అన్నారు. నెలన్నర పాటు పదేళ్ల పిల్లల పక్కన నిలబడి పడటం ఒక్కటే నేర్చుకున్నాను. మొదటి వారం మా అమ్మాయి గోడ దగ్గర కూర్చుని చూసింది. రెండో వారం నా గడ్డం పైకి లేస్తోందని దిద్దింది. మూడో వారం తన డ్రెస్ తెచ్చుకుంది.

ఇప్పటికీ నన్ను పట్టుకుంటే తిరిగి, నా బరువు వీపు మీదికి రాగానే ఆగిపోతుంది. కోచ్ తొందరపెట్టవద్దన్నారు. ఆదివారం పొద్దున ఏడింటికి మళ్లీ వెళుతున్నాం.

మెట్ల సంగతి మాత్రం రికార్డుల్లో సరిచేయండి. సెలవు.