పెండ్లి ముసుగునకు పసుపు వర్ణము

ధర్మవరపు పట్టుచీరకు దారమునందే రంగు పట్టించి, పిదప మగ్గమెక్కింతురు. దానిపై వధువు కప్పుకొను నూలు ముసుగునకు ఇంటిలోనే పసుపు పట్టింపవచ్చును. అయితే రెండింటిని ఒకే వర్ణమునకు తెచ్చుట సులభము కాదు. పట్టునకు మెఱుగున్నది, నూలునకు లేదు.

కొత్తబట్టలోని గంజి పోవునట్లు ఉతికి, తడిగానే గోరువెచ్చని పసుపునీటిలో ముంచవలెను. నీటిని వడగట్టనిచో మచ్చలు తప్పవు. తడిబట్ట ముదురుగా కనబడును. కనుక మొదట ఒక పీలికను ముంచి, ఆరిన పిమ్మట పగటి వెలుతురున చీర ప్రక్కనుంచి చూడుడు. దీపపు వెలుగును నమ్మరాదు.

పసుపునకు నిలుకడ తక్కువ. సున్నము తగిలిన ఎఱ్ఱబారును. మన పారాణి ఆ గుణము వలననే గదా! చాకలిసోడా తగిలినను అంతే. పలుచని చింతపండు పులుసునీట జాడించినచో మరల పచ్చనగును. ఎండకు వెలిసిపోవును గాన నీడనే ఆరవేయుడు.

వర్ణము అచ్చముగా కలియకున్నను కొఱత లేదని నా తలంపు. హిందూపురము చెంత లేపాక్షి ఆలయపు పైకప్పున, 16వ శతాబ్దపు చిత్రములలో, స్త్రీల వస్త్రములపై ఎన్నెన్ని చారలు, ఎన్నెన్ని పూవులు!

ముసుగు పూర్తిగా ఆరకమునుపు మాత్రము చీరపై వేయకుడు. పసుపు మరక పట్టును పట్టిన వదలదు. చీర వెల మీకు తెలిసినదే.