కుక్కపిల్లకు పెట్టే ముద్ద



ఈ పూట మన కబుర్లు వాకిట్లో తోకాడించుకుంటూ తిరిగే కుక్కపిల్ల గురించి. "దానికీ ఓ ప్రసంగమా?" అని నవ్వకండి. మన దేశంలో వీధికుక్కలు ఎక్కువగా పిల్లలు పెట్టేది శీతకాలంలోనే. కార్తీకం వెళ్ళేసరికి మా పలివెలలో కొప్పులింగేశ్వరస్వామి గుడి దారిలోనూ, కాలవ గట్టునా, కొబ్బరితోటల్లోనూ ఎక్కడ చూసినా కుక్కపిల్లలే. ఇంట్లో పిల్లలు ముచ్చటపడి ఒకదాన్ని చంకనేసుకుని వస్తారు. వారం తిరక్కుండా అది విరేచనాలు పట్టుకుని చచ్చిపోతుంది. పిల్లలు రెండురోజులు అన్నం మానేస్తారు. "దాని ఆయుష్షు అంతే" అని పెద్దవాళ్ళు తేల్చేస్తారు. ఆయుష్షు మాట అలా ఉంచండి, దాని కడుపులో ఏం పడిందో చూడాలి కదా!

కుక్కపిల్ల కళ్ళు తెరవడానికే 10 నుంచి 14 రోజులు పడుతుంది. మూడు నాలుగు వారాలకు మెత్తటి తిండి నాకడం మొదలెడుతుంది గాని, ఎనిమిది వారాల దాకా తల్లి దగ్గర ఉంటేనే మంచిది. కుక్కపాలలో మాంసకృత్తులూ, కొవ్వూ ఆవుపాలలో కంటే రెట్టింపుకు మించి ఉంటాయి, పాలచక్కెర మాత్రం తక్కువ. మనమేమో "అరగదు పాపం" అని ఆవుపాలలో సగానికి సగం నీళ్ళు కలిపి పోస్తాం. ఆ నీళ్ళపాలతో బలం చాలదు. అందులో ఉన్న పాలచక్కెర అరక్క కొన్నిటికి విరేచనాలు కూడాను. అంతకంటే తల్లికి పెట్టడం తెలివైన పని. పాలిచ్చే కుక్కకు మామూలు కంటే రెండు మూడు రెట్లు తిండి కావాలి. మన ఇంటి బాలింతకు కాయం చేసి తినిపిస్తాం, ఆ బాలింతను మాత్రం కర్ర పుచ్చుకుని తరుముతాం. ఇదేం న్యాయమండీ?

ఇక అన్నం సంగతి. కుక్క మాంసం తినే జంతువు, దానికి అన్నం పడదని ఈమధ్య కొందరు అంటున్నారు. అలా ఏం లేదు. పిండిపదార్థాన్ని అరిగించుకునే శక్తి తోడేలుకన్నా కుక్కకు చాలా ఎక్కువని 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు జన్యువులు పరీక్షించి చెప్పారు. మనిషి పంచన చేరి, మనిషి తిండికి అలవాటు పడిన జీవం అది. తప్పు అన్నానిది కాదు, వట్టి అన్నానిది. మజ్జిగన్నం ఒక్కటే పెడితే పొట్ట నిండుతుంది గాని ఎదిగే పిల్లకు కండ పట్టదు.

"ఇంట్లోవాళ్ళకే వండలేక చస్తుంటే కుక్కకు వేరే వంటా?" అంటారేమో. వేరే వంట అక్కర్లేదు. పోపు పెట్టకముందే దాని వాటా తీసి పక్కన పెట్టండి, అంతే. మనం చేసేది అటూ ఇటూగా ఉంది. అందరూ తిన్నాక మిగిలిన పులుసన్నం, ఆవకాయ కలిపిన ముద్ద, ఉల్లిపాయ కూర ఊడ్చి దాని చిప్పలో వేస్తాం. ఉల్లిపాయ, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా కుక్క రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తాయి. అందుకే ఉప్పూ, కారం, చింతపండు, ఉల్లి పడకముందు తీయమంటున్నాను. మెత్తటి అన్నం సగం, ఉడికించిన గుడ్డో, ముల్లు తీసిన చేపో, కోడిమాంసమో సగం, దానిలో ఓ గుమ్మడి ముక్క చిదిమితే సరి. మన గోదావరి జిల్లాల్లో చేపకు కరువేముంది? ఉప్పుచేప మాత్రం వద్దు. గుడ్డు పచ్చిది కాకుండా ఉడికించే పెట్టాలి.

కార్తీకమాసంలో చాలా ఇళ్ళల్లోకి గుడ్డూ, చేపా రావు. సరిగ్గా అప్పుడే పిల్లలు పుట్టే కాలం. నియమం మనకే గాని కుక్కకు లేదు. పెరట్లో విడిగా ఓ గిన్నెలో గుడ్డు ఉడికిస్తే మడికేమీ భంగం రాదు. అదీ కుదరని ఇంట్లో మెత్తగా ఉడికిన పెసరపప్పు, కాస్త పెరుగు కలిపి ఆ నెల నెట్టుకు రావచ్చు. ఏడాదంతా అలా నడపాలనుకుంటే మాత్రం పశువుల డాక్టరు సలహా తీసుకోవాలి.

కోడికూరలో ఎముకలు వేయకండి. ఉడికిన ఎముక సూదుల్లా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. మామిడి టెంక మింగితే పేగుకు అడ్డం పడుతుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలకు చేటు, కాబట్టి పరమాన్నం గిన్నె నాకించవద్దు. చాక్లెట్టు కూడా విషమే. కొబ్బరిముక్క విషం కాదు గాని కొవ్వెక్కువ, మనకు చవగ్గా దొరుకుతుంది కదా అని చిప్పెడు పెట్టకండి.

అన్నంలోనూ, మాంసంలోనూ సున్నం తక్కువ. అందుకే కొన్ని పిల్లల కాళ్ళు దొడ్డిగా వంగిపోతాయి. కడిగి, మరిగించి, ఎండబెట్టిన గుడ్డుపెంకును మెత్తగా పొడిచేసి కలపవచ్చు. ఎంతన్నది పిల్ల బరువునుబట్టి డాక్టరునే అడగండి, ఎక్కువైనా ముప్పే. దుకాణంలో కొనే తిండి పెడితే అది కుక్కపిల్లలకని సంచీ మీద రాసి ఉందో లేదో చూడండి.

మూడునెలల దాకా రోజుకు నాలుగుసార్లు, ఆరునెలల దాకా మూడుసార్లు, ఆ పైన రెండుసార్లు. పొట్ట ఉబ్బి, పక్కలు ఎండిపోయి ఉంటే తిండి ఎక్కువై కాదు, ఏలికపాములు అయి ఉంటాయి. అవి మన పిల్లలకూ అంటుకుంటాయి. రెండోవారం నుంచే నులిపురుగుల మందు డాక్టరు చెప్పినట్టు పట్టాలి. రక్త విరేచనాలు, ఆగని వాంతులు కనిపిస్తే పథ్యం మారుస్తూ కూర్చోకండి. అది 1978లో ప్రపంచం గుర్తించిన పార్వో జబ్బు కావచ్చు, ఆ పూటే పశువుల ఆసుపత్రికి తీసుకుపోవాలి. దానికి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో టీకా మొదలుపెడతారు. మూడునెలలకు పిచ్చికుక్క టీకా వేరే.

తిండి సరిపోతోందా అని సందేహం వస్తే పిల్ల పక్కల మీద చెయ్యి వేసి చూడండి. ఎముకలు చేతికి తగలాలి, కంటికి కనపడకూడదు. కనపడితే రేపట్నుంచి గుడ్డు ముక్క ఇంకాస్త పెంచండి.