అమ్మానాన్నల్ని షాంపేన్‌కి పిలుస్తున్నారా? ముందు యూనివర్సిటీ క్యాలెండర్ తెరవండి

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "గ్రాడ్యుయేషన్‌కి అమ్మానాన్నల్ని పిలుద్దామనుకుంటున్నాం, మేముండేది చిన్న కాలేజీ ఊరు, ఎలా ప్లాన్ చేయాలి?" అని. నాకు బాగా తెలిసింది మా ఊరే కాబట్టి దాని గురించే చెప్తా. ఇల్లినాయ్ రాష్ట్రంలో షాంపేన్, అర్బానా అని ఆనుకుని ఉన్న జంట ఊళ్ళు, మధ్యలో యూనివర్సిటీ. ఊరు దాటితే ఎటు చూసినా మొక్కజొన్న, సోయా చేలే.

టికెట్ కొనేముందు యూనివర్సిటీ క్యాలెండర్ చూడండి. గ్రాడ్యుయేషన్ మే మధ్యలో, వచ్చేవాళ్ళంతా ఒకే వారాంతంలో దిగుతారు. ఇంత చిన్న ఊళ్ళో హోటళ్ళెన్ని ఉంటాయి చెప్పండి? ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారాలూ అంతే. నేనేమో తీరిగ్గా ఏప్రిల్‌లో వెతికా. ఊళ్ళో గదుల్లేవు. చివరికి 15 మైళ్ళ దూరంలో రంటూల్ అనే ఊళ్ళో దొరికింది. ఇక రోజూ కారు కోసం రూమ్మేట్‌ని బతిమాలుకోవడమే.

ఇంకో సంగతి. గ్రాడ్యుయేషన్ అయిన మర్నాటి నుంచే ఊరు ఖాళీ అవుతుంది. ఇక్కడ స్టూడెంట్ ఇళ్ళ లీజులు ఎక్కువగా ఆగస్టు నుంచి ఆగస్టు దాకా. వేసవికి వెళ్ళిపోయేవాళ్ళు తమ గది ఎవరో ఒకరు తీసుకుంటే చాలనుకుంటారు. ఇంటి ఓనర్ ఒప్పుకుంటాడో లేదో కనుక్కుని సబ్‌లీజ్ తీసుకోండి. వంటగది ఉంటుంది. అమ్మకి అదే పెద్ద ఊరట.

ఇక రావడం. షికాగో ఓహేర్ ఎయిర్‌పోర్ట్ నుంచి మా ఊరు రోడ్డు మీద రెండున్నర గంటల పైనే. ఆమ్‌ట్రాక్ రైలు ఉంది కదా అంటారు. ఉంది, కానీ అది సిటీ మధ్యలో యూనియన్ స్టేషన్ నుంచి బయల్దేరుతుంది. ఒక రోజంతా ప్రయాణం చేసొచ్చిన పెద్దవాళ్ళు, నాలుగు సూట్‌కేసులతో మెట్రో మారాలా? వద్దు. ఓహేర్ నుంచి నేరుగా క్యాంపస్‌కి బస్సులున్నాయి. ఇమిగ్రేషన్ లైన్ ఉంటుంది కాబట్టి, దిగాక నాలుగు గంటలు వదిలి బస్సు బుక్ చేయండి.

మే మొదటి వారంలోనే వస్తుంటే అమ్మకి ముందే చెప్పండి: నెలలో మొదటి మంగళవారం పొద్దున పదింటికి టోర్నడో సైరన్ టెస్ట్ చేస్తారు. నేను చెప్పలేదు. మా అమ్మ పాస్‌పోర్టులు పట్టుకుని మెట్ల కిందకి పరిగెత్తింది!

ఇప్పుడు నా అసలు తప్పు. షికాగోకి మూడు రోజులు, క్యాంపస్‌కి ఒక పూట పెట్టా. ఇక్కడేముంది చూడ్డానికి అని. మాది కరీంనగర్ దగ్గర పల్లె, నాన్న రైతు. షికాగోలో నేను ఏది చూపించినా "మంచిగుంది బిడ్డా" అన్నాడు, అంతే.

క్యాంపస్ మధ్యలో మారో ప్లాట్స్ అని చిన్న చేను ఉంది. 1876 నుంచి అక్కడ పంటల మీద ప్రయోగాలు చేస్తున్నారు. ఒక మడిలో అప్పటినుంచి ఏటా మొక్కజొన్నే. పక్క మడుల్లో పంట మారుస్తారు. నేల ఏమవుతుందో చూడ్డానికి. 1969లో పక్కనే లైబ్రరీ కట్టాల్సొస్తే, చేను మీద నీడ పడకూడదని భూమి లోపల కట్టారు. నేను రోజూ అటునుంచే క్లాసుకి వెళ్ళేదాన్ని, ఒక్కసారి కూడా ఆగలేదు.

నాన్న ఆగిపోయాడు. "మక్కకు నీడ పడ్తదని లైబ్రరీని భూమిల కట్టిండ్రా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ తర్వాత ఎరువు వెయ్యని భాగం ఎటువైపు, దిగుబడి ఎంత తేడా వస్తది, ఒకటే ప్రశ్నలు. నా దగ్గర జవాబుల్లేవు. బస్సు టైమైందని లాక్కొచ్చా.

సబ్‌లీజ్ గదికి మారాక ఒక పొద్దున లేచేసరికి నాన్న గదిలో లేడు. ఫోన్ గదిలోనే ఉంది. ఎక్కడుంటాడో నాకు తెలుసు.

మీ ఊరు అయోవా సిటీ అయినా, మాడిసన్ అయినా, ఏం చూపించాలో అర్థం కాకపోతే కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో వీసా ఇంటర్వ్యూ గురించి మాట్లాడుకుందాం.