కర్త లేని వాక్యం: ఎదురుకాల్పుల కేసుల్లో నిందితుడి గడి

కె.జి. కన్నబిరాన్ 1929లో మదురైలో పుట్టి, హైదరాబాద్ న్యాయస్థానాల్లో దశాబ్దాల పాటు పౌరహక్కుల పక్షాన వాదించి, 2010 డిసెంబర్ 30న కన్నుమూశారు. ఆయన స్మృతిలో ప్రసంగించే గౌరవం తమిళనాడులోని ఒట్టన్‌చత్రం తెలుగువారి నుంచి రావడం సముచితం. ఆయన జీవితాన్ని ఎందరో విపులంగా రాశారు కనుక ఇక్కడ ఒక్క మాట చాలు: తాను ఏళ్ల తరబడి అధ్యక్షత వహించిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం 2009 ఫిబ్రవరిలో గెలిచిన వ్యాజ్యాన్నీ, మార్చిలో ఆ తీర్పుపై సుప్రీంకోర్టు ఇచ్చిన స్టేనూ చూసి, చివరి ఫలితం చూడకుండానే వెళ్లిపోయిన మనిషికి బాకీపడిన సమాధానమే ఈ ఉపన్యాసం.

1975 నాటి గిరాయిపల్లి పోలీసు కాల్పుల ఘటన, 1977లో తార్కుండే కమిటీ జరిపిన విచారణ, ఆ తరువాత వచ్చిన భార్గవ కమిషన్, ఇటువంటి మరణాలపై 1996-97లో జాతీయ మానవ హక్కుల కమిషన్ జారీ చేసిన ఆదేశాలు తెలుగు పాఠకులకు తెలిసినవే కనుక వాటిని మళ్లీ వివరించే పని లేదు. ఎన్నిసార్లు చర్చకు వచ్చినా తేలని అంశం ఒకటుంది: పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోయినప్పుడు ప్రథమ సమాచార నివేదికలో, అంటే నేరం జరిగినట్టు స్టేషన్‌లో మొట్టమొదట నమోదయ్యే ఎఫ్ఐఆర్‌లో, నిందితుడి గడిలో ఎవరి పేరు రాయాలి?

ఆచారంగా జరుగుతున్నది ఇది. కాల్పులు జరిపిన బృందంలోని అధికారే ఫిర్యాదుదారు అవుతాడు. చనిపోయినవారు తమపై హత్యాయత్నం చేశారని పాత శిక్షాస్మృతి 307వ సెక్షన్ కింద, ఇప్పుడైతే భారతీయ న్యాయ సంహిత 109వ సెక్షన్ కింద కేసు నమోదవుతుంది. నిందితుడు మరణించాడు కనుక ఆ కేసు మూతపడుతుంది. దీనితో చంపినవారి చర్య ఏ న్యాయమూర్తి ముందూ పరీక్షకు నిలవదు. పౌరహక్కుల సంఘం వ్యాజ్యంలో 2009 ఫిబ్రవరి 6న జస్టిస్ గోడా రఘురాం రాసిన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఈ ఆచారాన్ని తిరస్కరించింది. మరణానికి కారకులైన పోలీసుల మీద కేసు నమోదు కావాలనీ, ఆత్మరక్షణ అనేది దర్యాప్తు అధికారి తేల్చేసే విషయం కాక, న్యాయస్థానంలో రుజువు కావలసిన మినహాయింపు అనీ ఆ తీర్పు సారాంశం. దీనికి ఆధారం కొత్తది కాదు. మినహాయింపు కోరేవాడే దాన్ని రుజువు చేసుకోవాలని 1872 నాటి సాక్ష్య చట్టం 105వ సెక్షన్ చెప్పింది, నేటి భారతీయ సాక్ష్య అధినియమం 108వ సెక్షన్ కూడా అదే చెబుతోంది.

2014 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు మహారాష్ట్రకు సంబంధించి పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో 16 మార్గదర్శకాలు జారీ చేసింది. ఎఫ్ఐఆర్ నమోదు కావాలని, సీఐడీ గాని మరో స్టేషన్ బృందం గాని దర్యాప్తు జరపాలని, మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి అని అవి ఆదేశించాయి. ఇవి ఉన్నాయన్న కారణంతోనే 2019లో 2009 తీర్పును సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. కానీ ఎఫ్ఐఆర్ నమోదు చేయాలన్న మార్గదర్శకం అది ఎవరి మీద అన్నది చెప్పదు. చనిపోయినవారి మీద కేసు పెట్టినా ఆ ఆదేశాన్ని పాటించినట్టే చూపవచ్చు. రెండు తీర్పులూ ఒకటే చెబుతున్నాయనే వాదన నిలిచేది కాదు.

కాల్పులు జరిపిన పోలీసుల మీదే ఎఫ్ఐఆర్ నమోదు కావాలన్న మాటకు ఎదురుగా చెప్పే అభ్యంతరాలు మూడు. ఒకే ఘటనపై రెండో ఎఫ్ఐఆర్ చెల్లదని 2001లో టి.టి. ఆంటొనీ కేసులో సుప్రీంకోర్టు అన్నదన్నది మొదటిది. ఆ కేసు కూడా 1994 నాటి కేరళ కూత్తుపరంబ పోలీసు కాల్పుల నుంచి పుట్టినదే. అయితే ఎదుటి పక్షం అదే ఘటనను వేరుగా చెబుతూ ఇచ్చే ఫిర్యాదుకు ఆ నిషేధం వర్తించదని 2004లో ఉప్కార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టం చేసింది. చనిపోయినవారి బంధువుల మాట అచ్చంగా అటువంటి ఎదురు కథనమే. ప్రభుత్వ అనుమతి లేనిదే పోలీసులపై కేసు నడవదని 2012 నాటి ఓం ప్రకాశ్ తీర్పును చూపడం రెండో అభ్యంతరం. అనుమతి కోరే పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 197వ సెక్షన్ న్యాయస్థానం కేసును విచారణకు స్వీకరించే దశ గురించి మాట్లాడుతుందే తప్ప, ఎఫ్ఐఆర్ నమోదును ఎక్కడా ఆపదు. పోలీసుల మనోధైర్యం దెబ్బతింటుందన్నది మూడోది. ఎఫ్ఐఆర్ శిక్ష కాదు, అరెస్టు కూడా కాదు. నిజంగా ప్రాణరక్షణకే తుపాకీ పేల్చిన కానిస్టేబులుకు తన మాట న్యాయమూర్తి ముందు నెగ్గడం కంటే గట్టి రక్షణ మరొకటి లేదు.

2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లిలో నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు కూడా మొదట నమోదైన కేసు ఆ నలుగురి మీదే. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ పదిమంది పోలీసులపై హత్యానేర విచారణ జరగాలని సిఫారసు చేసిన నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. నిందితుడి గడిలో ఒకరి పేరుకు బదులు మరొకరి పేరు రాయవలసి ఉందని చెప్పడానికే రెండేళ్లకు పైగా పట్టింది.

ఈ వివాదం నిజానికి వ్యాకరణ వివాదం. 'ఎదురుకాల్పుల్లో మృతి చెందారు' అనే వాక్యంలో చంపిన కర్త లేడు. 'ఎదురుకాల్పులు' అనే పదమే ఇరువైపులా కాల్పులు జరిగాయని విచారణకు ముందే తేల్చేస్తుంది. పత్రికలో ఈ వాక్యం అలవాటైతే స్టేషన్ కాగితంలో అది నిజమై కూర్చుంటుంది. అందుకే ఈ ఉపన్యాసకర్త ఇప్పుడు తయారు చేస్తున్న నేరన్యాయ పదకోశంలో 'పోలీసు కాల్పుల్లో మరణం' ప్రధాన పదం. 'ఎదురుకాల్పులు' అనేది పోలీసుల కథనమని గుర్తు చేసే వివరణతో దాని కింద చేరుతుంది.

ఆ కోశం తెలుగు మాటను తెలుగు లిపిలోనూ తమిళ లిపిలోనూ ఇస్తుంది, పక్కన తమిళ అర్థమూ ఉంటుంది. కారణం శేషాచలం. 2015 ఏప్రిల్ 7న అక్కడి అడవిలో పోలీసు కాల్పులకు 20 మంది తమిళ కూలీలు బలయ్యారు. ఒక మృతుడి భార్య ఫిర్యాదు మీద, హైకోర్టు జోక్యంతో, చంద్రగిరి స్టేషన్‌లో హత్య కేసు నమోదైంది. తమిళం చదివే కుటుంబాలు తెలుగు స్టేషన్ గుమ్మంలో న్యాయం అడగవలసి వచ్చిన సందర్భమది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివిన ఒట్టన్‌చత్రం, మదురై, కోయంబత్తూరు సీమల వారికి ఆ రెండు వైపులా దారి తెలుసు. గడిలో ఎవరి పేరు ఉందో, ఎవరి పేరు ఉండాలో అటువంటి కుటుంబానికి చదివి చెప్పగలిగే మనుషులు ఈ ఊళ్లలో ఉన్నారు. పదకోశం పనిలో వారు చేయి కలపడమే కన్నబిరాన్‌కు చెల్లవలసిన బాకీలో ఈ ఊరి వంతు.