కరోనా పోయింది, పిల్లల గుండెల్లో దిగులు పోయిందా?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం, డాక్టర్లం కాము. అయినా రోజూ పిల్లల ముఖాలు చూసే వృత్తి మాది గనుక, కరోనా కాలంలో వాళ్ల మనసులకు తగిలిన దెబ్బను గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాం.

2020 మార్చి 25 నుండి దేశమంతా లాక్‌డౌన్ వచ్చింది. అప్పటికే బడులకు తాళాలు పడ్డాయి. మధ్యలో కొన్నాళ్లు తెరిచినా రెండో విడత జబ్బుతో మళ్లీ మూశారు. నిలకడగా తెరుచుకునేసరికి ఆంధ్రలో 2021 ఆగస్టు, తెలంగాణలో సెప్టెంబరు వచ్చింది. పెద్దవాళ్లకు ఏడాదిన్నర అంటే ఒక గండం గడిచినట్టు. ఏడేళ్ల బిడ్డకు అది బతికిన బతుకులో ఐదో వంతు!

చదువు పోయిందని అందరం బాధపడ్డాం. పిల్లలకు దాంతోపాటు దోస్తులు పోయారు, ఆట పోయింది, నలుగురితో కూర్చుని తినే మధ్యాహ్న భోజనం పోయింది. మన మొహల్లాల్లో చాలా ఇళ్లు రెండు గదులవే. ముగ్గురు పిల్లలకు ఒకే ఫోను, అదీ అబ్బా పనికి తీసుకెళితే ఆ రోజు పాఠం లేదు. పనులు ఆగిపోయి ఇంట్లో కీచులాటలు, అప్పుల మాటలు. అన్నీ పిల్లలు విన్నారు. 2020 రంజాన్ ఈద్ నమాజు ఇళ్లలోనే చేసుకున్నాం. ఆ రోజుల్లోనే రోగాన్ని ఒక మతానికి అంటగట్టే మాటలు కూడా పుట్టాయి. "మనవల్లే వచ్చిందా అమ్మీ?" అని అడిగిన పసివాళ్లు మన ఇళ్లలో ఉన్నారు.

ఇక 2021 ఏప్రిల్, మే నెలలు. కన్నవాళ్లను ఆస్పత్రికి పంపి మళ్లీ చూడలేని పిల్లలు ఎంతమందో! జనాజాకు నలుగురైదుగురు. ముఖం చివరిసారి చూడనివ్వలేదు. ఏడ్చే తీరిక కూడా లేకుండా ఇల్లు గడవడం మొదలైంది.

మా తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. ఆటో నడిపే తండ్రి ఆ మేలోనే పోయారు. వాడు కొన్నాళ్లు పంక్చర్ షాపులో పనిచేసి మళ్లీ బడికొచ్చాడు. మాట్లాడడు, చిన్నదానికే కొట్లాట. మొండివాడని పేరు పడింది. రోడ్డు మీద అంబులెన్స్ కూత వినిపిస్తే మాత్రం రాస్తున్న కలం ఆగిపోయేది. తల్లి తావీజు కట్టించింది, దమ్ చేయించింది. తర్వాత పెద్దాస్పత్రిలో మనసు డాక్టరుకు చూపించారు. కొన్ని నెలలు మాటలు, కొంత మందు. నిద్ర పట్టింది, చదువు సాగింది, పది పాసయ్యాడు.

దువా చేయించడంలో తప్పేముంది? దువాతోపాటు దవా కూడా కావాలని మా మనవి. దిగులుపడటం ఈమాన్ తక్కువై కాదు. కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు మన ప్రవక్త (స) కన్నీరు పెట్టుకున్నారు. హజ్రత్ యాఖూబ్ (అ) యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నారు. ప్రవక్తలకు లేని సిగ్గు మనకెందుకు?

ఈ సిగ్గు చిన్నది కాదు. 2021లో యూనిసెఫ్ వారు 21 దేశాల్లో యువజనులను అడిగారు. మనసు బాగోలేకపోతే ఇతరుల సాయం తీసుకోవడం మంచిదని సగటున నూటికి 83 మంది అన్నారు. మన దేశంలో అలా అన్నది 41 మందే.

గుర్తులు పెద్ద కష్టమైనవేం కావు. చిన్నపిల్లలైతే మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది, తల్లి కొంగు వదలరు. పెద్దపిల్లలైతే చిరాకు, ఆకలి లేకపోవడం, రాత్రంతా ఫోను, కారణం తెలియని కడుపునొప్పి. ఇవి రెండు వారాలు దాటితే తిట్టకండి, డాక్టరుకు చూపించండి. "చచ్చిపోవాలనుంది" అనే మాట వస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు, బిడ్డను ఒంటరిగా వదలవద్దు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్‌కు 14416 నెంబరు మీద పగలూ రాత్రీ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. అక్కడికి వెళ్లినంత మాత్రాన ఎవరూ పిచ్చివాళ్లు కారు.

పోయినవాళ్లను గురించి పిల్లలతో మాట్లాడండి. "అబ్బా ఊరెళ్లారు" అని అబద్ధం చెప్పకండి. ఖబరస్తాన్‌కు తీసుకెళ్లి సమాధి చూపించండి, ఏడిస్తే ఏడవనివ్వండి.

సొసైటీ పెద్దలకు మూడు విన్నపాలు. మొదటిది, ఆ రోజుల్లో తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లల జాబితా మొహల్లావారీగా రాయించండి. ఫీజు ఇవ్వడంతో సరిపెట్టక నెలకోసారి ఎవరైనా ఇంటికెళ్లి పలకరించాలి. రెండవది, అప్పుడు బడి మాని పనికెళ్లిన అబ్బాయిలు, చదువు ఆగి పెళ్లైపోయిన అమ్మాయిలు ఓపెన్ స్కూల్ ద్వారా పది రాసే ఏర్పాటు చేయాలి. మూడవది, జుమా ప్రసంగాల్లో ఏడాదికి ఒక్కసారైనా ఈ సంగతి చెప్పమని ఇమాం సాబులను కోరండి. మా మాటకంటే వారి మాటకు ఇళ్లలో విలువ ఎక్కువ.

2020లో ఒకటో తరగతిలో చేరవలసిన పిల్లలు ఇప్పుడు హైస్కూలు మెట్లెక్కారు. వాళ్లంతట వాళ్లు చెప్పరు. ఈ రాత్రి అన్నం దగ్గర, ఫోన్లు పక్కన పెట్టి, మనమే అడుగుదాం.

ఖుదా హాఫిజ్.